ఎనిమిదింటి గోలి

ఈసా టౌన్ పాత సామాన్ల అంగట్ల
ముప్పై దినార్లకు బేరమాడి తెచ్చిన డబ్బా.
భుజం మీద మోస్కొచ్చి, ముహర్రక్‌ల మూడంతస్తులెక్కి,
మంచం కింది ట్రంకు పెట్టె గుంజి
దాని మీద కూసోబెట్టిన.
కుట్టుపూల ప్రోగ్రామొకటి ఎక్కించుకున్న.
అబాయా చేతుల మీదికి తీగె గీసిస్తే
డిజైనుకు రెండు దినార్లు,
అర్బాబుకు తెల్వకుంట.

పొద్దుగాల ఆరింటికి మీట నొక్కుత.
తెర నల్లగ. తర్వాత నీలం.
తర్వాత ఒక సున్నా
తన తోక తనే పట్టుకుందామని తిరుగుడు.
బియ్యం కడిగి పొయ్యి మీద పెడుత.
తిరుగుతనే ఉంటది.
పప్పు మెదుపుత, పోపేస్త,
బాత్రూం కాడ నా వంతు వస్తది, పోతది.
పద్నాలుగు నిమిషాలు. గడియారం పెట్టి చూసిన.
"దీనికంటె మా ఊరి బస్సు నయం,
రాకపోతే రాదని తెలుస్తది" అంటడు ఓదేలు,
నైట్ డ్యూటీ దిగొచ్చి బూట్లు విప్పుకుంట.

మా నాయిన సిరిసిల్లల సాంచె నడిపిండు.
బట్ట మీద గీత పడితె సాంచెను తిట్టకపోయేది.
బందు వెట్టి, వంగి,
పడుగును పోగు పోగు వేలుతోటి తడిమి
"ఇగో, ఇదిరా" అనేటోడు.

శుక్రారం నేనూ అట్లనే వంగిన.
ఖాజా చూపెట్టిండు ఆ జాబితా తెరిచే తొవ్వ:
మీట నొక్కంగనే నాకంటె ముందు లేచి
పనికి తయారయ్యేటోళ్ల హాజరుపట్టీ.
ఇరవై ఆరు పేర్లు.
ఇంట్ల లేని ప్రింటరొకటి,
దినాం లేచి కాయితాల కోసం చూస్తంది.
ఎవరో పిలగాడు సగం పందెంల వదిలిన కార్ల ఆట.
పహారా కాసేటివి మూడు,
దొంగలను కాదు, ఒకదాన్నొకటి కనిపెట్టుకుంట.
ఏదో ఊర్ల వాన పడుతున్నదని చెప్పేదొకటి.
కిటికీల చూస్తే దుమ్ము.

తీసిపారెయ్యలే. పండుకోండ్రి, పిలిస్తే లేద్దురు, అన్న.
మళ్ల మీట. తొమ్మిది నిమిషాలు.
ఇంకో ఆరు పేర్లు. మళ్ల మీట.
ఇంకో నాలుగు.
మధ్యల ఒకటి తప్పు తీసిన, మౌసు చచ్చిపోయింది,
ఖాజా నవ్విండు, మళ్ల లేపినం.
సాయంత్రానికి
అన్నం ఉడుకు పట్టకముందే
తెర మీద పూలు తెరుచుకున్నయి.

మిగిలింది ఒక్కటి. పేరు అరబ్బీల.
దానికి పన్నెండు సెకన్లు.
దినాం ఎనిమిదింటికి తెర మూలకు
పసుపు చీటొకటి తెచ్చేది అదే.
ఇన్ని దినాలు చూడకుంటనే మూసేసిన.
ఫోటో తీస్కపోయి దుకాణంల
కటింగ్ మాస్టర్ సబ్రీకి చూపెట్టిన.
కత్తెర ఆపి, అద్దాలు నొసటికెక్కించి
వచ్చీరాని హిందీల చదివిండు:
"అమ్మకు గోలి. సగమే. పెరుగుతోటి వద్దు."
మళ్ల కత్తెర నల్లగుడ్డల పడి పోయింది.

ఎవరి అమ్మో.
చీటి రాసింది కొడుకో, బిడ్డనో, కోడలో.
డబ్బా అమ్మినాయన పెషావరాయన,
ఆయనకూ తెల్వదు ఏ ఇంటి నుంచి వచ్చిందో.
సగం గోలి వేసుకునే ఆమె
కొత్త కంప్యూటరున్న ఇంట్ల ఉన్నదో,
గోలీలు అక్కర లేని కాడ ఉన్నదో.

"అదీ తీసెయ్ భయ్, ఉత్తగ పన్నెండు సెకన్లు."
వేలు మౌసు మీదనే ఉన్నది.
ఓదేలు దుప్పట్ల నుంచి తల బయటపెట్టిండు,
ఏమనలే.
ఉండనీ, అన్న.

పోయినేడు సల్మానియా దవాఖానల
రాసిచ్చిన బీపీ గోలీలు
సూదుల డబ్బాల అడుగున అట్లనే ఉండె.
ఇప్పుడు ఎనిమిదైతది, పసుపు చీటి వస్తది.
నాది సగం కాదు, నిండు గోలి.
అయినా పెరుగు గిన్నె పక్కకు జరిపి
నీళ్లతోటి మింగుత.
చీటి మూసి
తీగెకు బాకీ ఉన్న ఆకు గీస్త.